అడగండి – చెబుతాం: సైన్సు ప్రదర్శన చూడటానికి సైన్సు చదివి ఉండాలా?

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ ఓపెన్ డేకు తీసుకువెళ్లాను. ఒకటే తోపులాట. వివరించే అమ్మాయి ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయింది. నేను బీకాం చదివాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఇలాంటివి మాబోటివారికి ఉపయోగపడతాయా?
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: ఉపయోగపడతాయమ్మా. 1812లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినడానికి వెళ్లిన మైకేల్ ఫారడే, తర్వాత విద్యుత్తు పరిశోధనలతో పేరుమోసిన శాస్త్రవేత్త అయినా, అప్పటికి కళాశాల గడప తొక్కని, పుస్తకాల బైండింగు పని నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు. టికెట్లు కూడా దుకాణానికి వచ్చే ఒకాయన ఇచ్చినవే. విన్నదంతా రాసుకుని, దాదాపు 300 పేజీల ఆ నోట్సును తానే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది ఆ ప్రయోగశాలలోనే సహాయకుడిగా చేరాడు. అదే సంస్థలో 1825లో మొదలైన పిల్లల కోసం ఇచ్చే క్రిస్మస్ ఉపన్యాసాలను తర్వాతి కాలంలో ఆయన 19 సార్లు ఇచ్చాడు. 1860 చివర పిల్లల ముందు ఆయన పెట్టింది ఒక కొవ్వొత్తి. దాన్ని ఆర్పగానే ఒత్తి నుంచి తెల్లని పొగ లేస్తుంది కదా, ఒత్తికి ఒక అంగుళం పైన ఆ పొగకు అగ్గిపుల్ల అంటిస్తే మంట పొగ వెంట కిందికి దూకి ఒత్తిని మళ్లీ వెలిగిస్తుంది. అంటే మండుతున్నది ఒత్తి కాదు, ఆవిరైన మైనం. ఇది మీ వంటింట్లో, గాలి లేనిచోట, మీరు దగ్గరుండి అబ్బాయికి చూపించవచ్చు.

ఇక వచ్చేసారి సంగతి. కాంతి చెదిరేటప్పుడు దాని రంగులో వచ్చే మార్పును, అంటే రామన్ ఫలితాన్ని, సి.వి. రామన్ 1928లో కనుగొన్న ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ ప్రయోగశాలల్లో సెప్టెంబరు 26 వ్యవస్థాపక దినం. సాధారణంగా ఈ తేదీల చుట్టుపక్కలే సందర్శకులను రానిస్తారు. ఉదయం తలుపు తీసే వేళకే వెళ్లి, అన్నీ చూడాలన్న ఆశ వదులుకుని, రెండు మూడు బల్లల దగ్గరే నిలబడండి. తెలుగులో చెప్పమని మొహమాటం లేకుండా అడగండి. ఆ పరిశోధక విద్యార్థికి తెలుగు రాకపోతే పక్కనున్నవారికైనా వస్తుంది. “ఇది ఇలాగే ఉంటుందని మీకెలా తెలిసింది?” అన్న ఒక్క ప్రశ్న అబ్బాయి చేత అడిగించండి. వంటసోడాలో వెనిగర్ పోసి పొంగించే అగ్నిపర్వతం కనిపిస్తే మాత్రం ముందుకు సాగిపొండి. అసలు అగ్నిపర్వతానికి వెనిగర్‌తో పనిలేదు, ఆ నమూనా ఇంకా ఎందుకు బతికి ఉందో నాకైతే అంతుబట్టదు.

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. ప్రయోగశాలలూ మ్యూజియాలూ అందుబాటులో లేవు. పాఠశాలలో ఊరంతా చూడదగిన సైన్సు కార్యక్రమం ఏదైనా చెప్పగలరా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: నీడ మాయమయ్యే రోజును జరపండి మాస్టారూ, పైసా ఖర్చు లేదు. కర్కట రేఖకు దక్షిణాన ఉన్న మన రెండు రాష్ట్రాల్లోనూ సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మొదటిసారి చిత్తూరులో ఏప్రిల్ చివరి వారంలో, ఆదిలాబాదులో మే మూడో వారంలో, మీ వైపు మే 7, 8 తేదీల్లో. డాబా మీద మట్టం చూసి ఒక పీవీసీ పైపు ముక్కను నిలబెట్టండి. నీడ నిమిషనిమిషానికీ కురచబడి, చివరికి పైపు మొదట్లో దాక్కుంటుంది. రెండు మూడు నిమిషాల్లో మళ్లీ రెండోవైపు తొంగిచూస్తుంది. మన గడియారాలు నడిచే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కగానే పోతుంది కనుక, ఆ రోజుల్లో మీకు ఇది 12 గంటలకు కాస్త ముందే జరుగుతుంది. నాలుగు డిగ్రీలు పడమరనున్న హైదరాబాదులో, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన, దాదాపు పావుగంట ఆలస్యం. మే 9న అక్కడి బంధువులెవరికైనా ఫోను చేసి, వాళ్ల పైపు నీడ ఎప్పుడు మాయమైందో పిల్లల చేత రాయించండి.

ఒకటే ఇబ్బంది. మేలో మీకు వేసవి సెలవులు. బడి ఉండే రోజున చేయాలంటే ఆగస్టు 5 ప్రాంతం దాకా ఆగాలి, అప్పుడు మబ్బు పట్టకుండా ఉండాలి. నేనైతే సెలవుల్లోనే, మంచినీళ్ల కుండ పక్కన పెట్టుకుని, పిల్లలను పిలుస్తాను.