అబ్బాయి ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటే ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నేనూ మా శ్రీమతీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. ఈ మే నెలలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తవుతుంది. చదువుతూనే మూడేళ్లుగా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కార్యాలయంలో విద్యార్థి సహాయకుడిగా పనిచేశాడు. ఏడాదికి 88 వేల డాలర్ల ఉద్యోగం చేతిలో ఉంది. దాన్ని వదిలేసి లూజియానాలోని ఒక విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కోచ్‌గా చేరతానంటున్నాడు. ఫీజు ఉండదట, పది నెలలపాటు నెలకు 1,500 డాలర్లు ఇస్తారట. చదువు ఖర్చుల కోసం వాడు పుట్టినప్పుడు తెరిచిన 529 పొదుపు ఖాతాలో ఇంకా 38 వేల డాలర్లు ఉన్నాయి. హైదరాబాద్ కొంపల్లి దగ్గర ఒక స్థలం ఉంది. దాన్ని అమ్మి వాడి పేరిట వేయాలా? ఎన్నేళ్లు మేము మోయాలి? బంధువులు అడిగితే ఏమని చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు: ముందు స్థలం సంగతి. అమ్మవద్దు. విదేశాల్లో ఉండేవారు ఇక్కడి ఆస్తి అమ్మితే, పన్ను అధికారుల నుంచి ముందుగా తగ్గింపు ధ్రువపత్రం తెచ్చుకోకపోతే కొనేవారు లాభం మీద కాకుండా మొత్తం ధర మీద పన్ను పట్టుకుంటారు. 2024 జులై తర్వాత దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. మీకు ద్రవ్యోల్బణం సర్దుబాటు కూడా దొరకదు. అదే లాభాన్ని అమెరికా రిటర్నులోనూ చూపించి, ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు అడగాలి. ఇంత తిరుగుడు పడి తెచ్చే డబ్బుతో మొదటి రెండేళ్లు మీకు అవసరమే లేదు. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను.

బంధువుల సంగతి ఇంకా తేలిక. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ కావాలంటే మాస్టర్స్‌లో చేరి తీరాలి. కాబట్టి ‘ఎంఎస్ చేస్తున్నాడు, ఫీజు విశ్వవిద్యాలయమే కడుతోంది’ అని చెప్పండి. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

ఇక అసలు విషయం. మన ఊళ్లలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే గుండ్రటి బంతి. ఫ్రిస్కోలో ఉండే మీకు కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నేను చెప్పనక్కర్లేదు. ఆటకంటే ఆ కొలువు ఎలా నడుస్తుందో తెలుసుకోవడం మీకు ముఖ్యం. తాపీ మేస్త్రీనీ అతని ముఠానీ గుర్తు చేసుకోండి. మేస్త్రీకి కొత్త చోట పని దొరికితే నమ్మకమైన నలుగురినీ వెంట తీసుకుపోతాడు. యజమాని మేస్త్రీని మాన్పిస్తే ముఠా మొత్తానికీ ఆ రోజుతో పని ఆఖరు. కాలేజీ ఫుట్‌బాల్‌లో హెడ్ కోచ్ ఆ మేస్త్రీ. అతని కింద ఆటను నడిపే కోఆర్డినేటర్లు, ఒక్కో స్థానంలో ఆడేవారికి శిక్షణ ఇచ్చే పొజిషన్ కోచ్‌లు, ప్రత్యర్థుల ఆట వీడియోలను విడగొట్టి చూసే ఎనలిస్టులు ఉంటారు. అట్టడుగున గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. వీడియోలు కత్తిరించడం, సాధనలో ప్రత్యర్థి జట్టులా ఆడేవారికి ఎవరెటు కదలాలో చూపే కార్డులు గీసివ్వడం అతని పని. సీజన్లో ఆదివారం కూడా ఇంటికి రాడు.

పై మెట్టు మీద ఎన్ని కుర్చీలున్నాయో చూడండి. 2025 సీజన్‌లో అగ్రశ్రేణి విభాగంలో 136 జట్లు ఆడాయి. హెడ్ కోచ్ కాక పదిమంది సహాయ కోచ్‌లు అనే పాత లెక్క వేస్తే దేశం మొత్తం మీద 1,360 కుర్చీలు. 2024 వేసవిలో నిబంధన సడలించి ఎనలిస్టులు కూడా మైదానంలో శిక్షణ ఇవ్వవచ్చన్నారు. మీ అబ్బాయిలాంటివారికి ఇది మేలు. మునుపు ఎనలిస్టు అంటే చీకటి గదిలో తెర ముందు కూర్చునేవాడు, ఇప్పుడు ఆటగాళ్ల ఎదుట నిలబడి పని చూపించుకోగలడు. ఆ కుర్చీల్లో పెద్దవాటికి దక్కే డబ్బు మామూలుది కాదు. 2025లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ప్రత్యర్థిని అడ్డుకునే ఆటను నడిపే డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా జిమ్ నోల్స్‌కు ఏడాదికి సుమారు 31 లక్షల డాలర్లు ఇచ్చి తెచ్చుకుంది. అదే ఏడాది అక్టోబరులో అక్కడి హెడ్ కోచ్‌ను తీసేశారు. సీజన్ ముగిశాక నోల్స్ వేరే చోటికి వెళ్లారు. మరోవైపు ప్రభుత్వ గణాంకాల ప్రకారం అన్ని ఆటల కోచ్‌లను, ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌట్‌లను కలిపి చూస్తే 2024లో మధ్యస్థ వేతనం ఏడాదికి 46 వేల డాలర్ల దగ్గరే ఆగింది. మీ అబ్బాయి కళ్లకు మొదటి అంకె కనిపిస్తోంది, మీ కళ్లకు రెండోది. ఇద్దరూ చూడని మూడో అంకె ఒకటుంది: ఎన్ని ఊళ్లు మారాలి అన్నది.

కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్ 1973లో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టారు. కాలేజీ హెడ్ కోచ్ అయ్యింది 1990లో, టొలీడోలో. మధ్యలో కెంట్ స్టేట్‌తో కలిపి ఏడు చోట్ల పనిచేశారు. ఏడు జాతీయ ట్రోఫీలు గెలిచిన మనిషి సంగతి ఇది! క్లెమ్సన్ విశ్వవిద్యాలయానికి రెండు జాతీయ ట్రోఫీలు తెచ్చిన డాబో స్వీనీ అయితే, అలబామా విశ్వవిద్యాలయంలో హెడ్ కోచ్‌ను పంపేసినప్పుడు తానూ ఉద్యోగం పోగొట్టుకుని, రెండేళ్లు బర్మింగ్‌హామ్‌లో వాణిజ్య స్థలాలు అద్దెకిచ్చే పని చేశారు. ఆ తర్వాత 2003లో క్లెమ్సన్‌లో మళ్లీ సహాయ కోచ్‌గా చేరారు. భారతీయ మూలాలున్న సంజయ్ లాల్ ఒకప్పుడు కాలిఫోర్నియాలోని చిన్న కళాశాలల్లో పనిచేసి, ప్రొఫెషనల్ జట్లలో వైడ్ రిసీవర్ల (ముందుకు పరిగెత్తి బంతి అందుకునేవారి) కోచ్‌గా ఎదిగారు. రైడర్స్, జెట్స్, బిల్స్, కోల్ట్స్, కౌబాయ్స్, సీహాక్స్... ఆయన బయోడేటా రైల్వే టైంటేబుల్‌లా ఉంటుంది. ఇవి నెగ్గినవారి కథలు, నెగ్గినవారికే ఇన్ని మజిలీలు. అందుకే ఈ వృత్తిలో జీతం తక్కువని నేను భయపడను. కాలూనే నేల ఉండదని భయపడతాను. డబ్బు ఏర్పాట్లన్నీ పెట్టెలో సర్దుకుని వెంట తీసుకుపోయేవి కావాలి.

మొదటి రెండేళ్ల లెక్క చూద్దాం. ఫీజు లేదు కాబట్టి 529 ఖాతా వృథా అయిందని మీరు అనుకుంటున్నట్టుంది. కాదు. కనీసం సగం కోర్సు భారంతో చదువుతున్న విద్యార్థి అద్దెకూ తిండికీ ఆ ఖాతా వాడుకోవచ్చు, క్యాంపస్ బయట ఉన్నా సరే. విశ్వవిద్యాలయం ప్రకటించే జీవన వ్యయ పరిమితి దాటకూడదు, ఖర్చు పెట్టిన క్యాలెండర్ ఏడాదిలోనే సొమ్ము తీయాలి. ఒక గదిలో వాటా అద్దె 650, తిండి 400 అనుకుందాం. పది నెలలకు 10,500 డాలర్లు 529 నుంచి వస్తాయి. వేసవి రెండు నెలల అద్దె, తిండి కలిపి 2,100. కారు బీమా, పెట్రోలు, ఫోను, చిల్లర ఖర్చులు నెలకు 500 చొప్పున ఏడాదికి ఆరు వేలు. ఈ రెండూ అతని 15 వేల స్టైపెండ్ నుంచి పోయినా 6,900 మిగులుతాయి. ఆరోగ్య బీమాకు ఇరవై ఆరేళ్లు నిండేదాకా మీ పాలసీలోనే ఉండవచ్చు, కాకపోతే మీ బీమా సంస్థ ఆసుపత్రులు లూజియానాలో ఉన్నాయో లేదో ఇప్పుడే కనుక్కోండి.

ఆ 6,900లో అయిదు వేలు అబ్బాయి పేరిట రాత్ ఐఆర్ఏలో, అంటే పన్ను కట్టిన సొమ్ము దాచుకునే పదవీ విరమణ ఖాతాలో, వేయించండి. మిగిలింది బ్యాంకులో ఉండనివ్వండి. రెండేళ్లయ్యాక 529లో ఇంకా 17 వేలు ఉంటాయి. ఖాతా తెరిచి పదిహేనేళ్లు దాటింది కాబట్టి దాన్ని కూడా అతని రాత్ ఐఆర్ఏకే మళ్లించవచ్చు. ఆ ఏడాది రాత్ పరిమితికి లోబడి ఏటా కొంత చొప్పున, జీవితకాలంలో 35 వేల వరకు మళ్లించే వీలుంది. 2026కు పరిమితి 7,500 డాలర్లు. గత అయిదేళ్లలో మీరు వేసిన సొమ్ముకు మాత్రం ఇది వర్తించదు. మూడో ఏట, నాలుగో ఏట అతను సొంతంగా పొదుపు చేయలేని రోజుల్లో ఆ పని ఈ ఖాతా చేసిపెడుతుంది.

ఒక చోట మాత్రం జాగ్రత్త. మాఫీ చేసిన ఫీజులో ఏడాదికి 5,250 డాలర్లు దాటిన భాగాన్ని విశ్వవిద్యాలయం జీతంగా లెక్కించి పన్ను పట్టుకోవచ్చు. పాఠాలు చెప్పే, పరిశోధన చేసే సహాయకులకు ఉన్న మినహాయింపు కోచింగ్‌కు వర్తిస్తుందనుకుని కూర్చోకూడదు. చేతికొచ్చేది 1,500 అనుకుంటే 1,200 రావచ్చు. సంతకం పెట్టకముందే జీతాల విభాగానికి ఒక ఈమెయిల్ రాసి అడగమనండి. స్టైపెండ్ డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పట్టుకున్న పన్ను చూపే పత్రం) మీద వస్తుందా అని కూడా అడగాలి. పన్ను పడే జీతమో స్టైపెండో లేకపోతే రాత్ ఐఆర్ఏ లేదు.

అసలు పరీక్ష మూడో ఏట మొదలవుతుంది. చదువు అయిపోయింది, 529 అద్దె కట్టదు. దొరికితే ఎక్కడో 40 వేలకు ఎనలిస్టు ఉద్యోగం దొరుకుతుంది. డిసెంబరులో హెడ్ కోచ్ మారితే ఫిబ్రవరిదాకా పని ఉండకపోవచ్చు. జనవరిలో ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం వార్షిక సమావేశం జరుగుతుంది. హోటల్ లాబీలో పరిచయాల కోసం నిలబడే కుర్రవాళ్లలో మీవాడూ ఒకడవుతాడు. ఇక్కడ మీ డబ్బు కావాలి. కానీ నెలనెలా పంపేది మాత్రం వద్దు. నెలనెలా పంపే డబ్బు ఎప్పుడు ఆపాలో ఏ తల్లిదండ్రులకూ తెలియదు. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం అబ్బాయి సంగీతం కోసం నెలకు అయిదు వందలు ‘ప్రస్తుతానికి’ మొదలుపెట్టి తొమ్మిదేళ్లు పంపింది. అడిగినవారూ ఇచ్చినవారూ ఇద్దరూ సిగ్గుపడుతూనే ఉన్నారు.

30 వేల డాలర్లు మీ పేరిటే విడి ఖాతాలో పెట్టండి. మీరు ఎంఎస్ ఫీజుకు ఎలాగూ ఇంతకు తక్కువ ఖర్చు పెట్టేవారు కాదు. కొలువుకీ కొలువుకీ మధ్య ఖాళీ నెలలు, ఊరు మారే ఖర్చు, కొత్త ఇంటి అడ్వాన్సు, చెడిపోయిన కారు... ఈ నాలుగింటికే అది. ఖాతాలో ఎంతుందో అబ్బాయికి మొదటి రోజే చెప్పండి. ఇరవై ఎనిమిదేళ్లు నిండేసరికి ఎక్కడ ఉంటే ఈ దారిలో కొనసాగుతాడో అతని చేతే ఒక కాగితం మీద రాయించండి. మీరు రాస్తే అది తగవు అవుతుంది. మీ పదవీ విరమణ ఖాతాలను మాత్రం ముట్టుకోవద్దు. అతని పేరిట ఇంటి రుణానికి హామీ సంతకం అసలే వద్దు. ఈ వృత్తిలో ఉన్నవాడు నలభై దాటేదాకా అద్దె ఇంట్లో ఉండడమే నయం, అదీ ఉద్యోగం మారితే ఒప్పందం రద్దు చేసుకునే షరతు ఉన్న ఇంట్లో.

పెన్షన్ విషయంలో తెలుగు తల్లిదండ్రులకు ఒక భ్రమ ఉంటుంది, ప్రభుత్వ విశ్వవిద్యాలయం కదా, వస్తుందిలే అని. టెక్సస్ ఉపాధ్యాయ పెన్షన్‌కు హక్కు రావాలంటే అయిదేళ్ల సర్వీసు కావాలి. రెండేళ్లకొకసారి రాష్ట్రం మారేవాడికి ఏ రాష్ట్రంలోనూ ఆ హక్కు రాకపోవచ్చు. చేరిన చోట పెన్షన్ బదులు సొంత పెట్టుబడి ఖాతా ఎంచుకునే వీలుంటే అదే తీసుకోమనండి. విద్యా రుణం ఉన్న పాఠకులకు మాత్రం ఇదే సంచారం కలిసొస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పూర్తికాలం పనిచేస్తూ కట్టిన 120 అర్హమైన వాయిదాలు ఎన్ని చోట్ల కట్టినా కలిపి లెక్కేసి ఫెడరల్ రుణం మాఫీ చేస్తారు. ఊరు మారే ఖర్చు యాజమాన్యం ఇస్తే అది కూడా పన్ను పడే ఆదాయమే. 2018 నుంచి ఆ మినహాయింపు లేదు.

ఇక మీరు అడగని లెక్క కూడా చెబుతాను. ఐటీ ఉద్యోగంలో జీతం పెరగకుండా అలాగే ఉన్నా అయిదేళ్లలో 4 లక్షల 40 వేలు. ఇటు 15, 15, 40, 40, 50 వేల చొప్పున వేస్తే లక్షా 60 వేలు. తేడా 2 లక్షల 80 వేల డాలర్లు. ఈ కాగితం మీ అబ్బాయి ముందు పెట్టండి, కోపంగా కాకుండా. ఆ డబ్బు అతనిది, వదులుకునే హక్కు కూడా అతనిదే.

మీవాడి చేతిలో మిగతా కుర్రవాళ్లకు లేని ఒక ఆయుధం ఉంది. ఆట వీడియోల నుంచి అంకెలు తీసి చదవగలవారి కోసం జట్లు ఇప్పుడు వెతుకుతున్నాయి. ప్రొఫెషనల్ లీగ్ ఏటా బిగ్ డేటా బౌల్ పేరుతో గణాంకాల పోటీ పెడుతుంది. వేసవి నెలల్లో దానికి తయారైతే కోచింగ్ తలుపు మూసుకున్నా పక్క తలుపు తెరిచి ఉంటుంది, పైగా కోడింగ్ తుప్పు పట్టదు. అదీ కుదరకపోతే టెక్సస్ ఉన్నత పాఠశాలలు ఉండనే ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ చెప్పగలిగి, శుక్రవారం రాత్రి ఆటల్లో జట్టును నడిపించగలిగినవాడిని ఏ ప్రిన్సిపాల్ కాదంటారు? అప్పుడు పైన చెప్పిన ఉపాధ్యాయ పెన్షన్ కూడా నిజంగానే వస్తుంది.

ఈ వారం చేయాల్సిన పని ఒకటే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఉద్యోగుల జీతాలు బహిరంగ సమాచారం. ఆ లూజియానా జట్టులో ఎనలిస్టుకు ఎంత ఇస్తున్నారో, గత నాలుగేళ్లలో అక్కడ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లుగా పనిచేసినవారు ఇప్పుడు ఎక్కడున్నారో అబ్బాయినే వెతికి మీకు చెప్పమనండి. పదిమందిలో నలుగురు ఇంకా కోచింగ్‌లోనే ఉంటే నేనైతే పంపిస్తాను.

కొంపల్లి స్థలానికి ఖాళీ స్థలం పన్ను కట్టారో లేదో, కంచె నిలిచి ఉందో లేదో ఈ వేసవిలో ఎవరినైనా పంపి చూసుకోండి.