గోళీ స్ట్రిప్పు మీద రంగు పేరు లేకపోతే కంపెనీ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పోయినేడు బతుకమ్మ పండుగ ముందు జలుబు, జ్వరానికి చీటీ లేకుండానే మెడికల్ షాపులో నాలుగు పసుపు గోళీలు తెచ్చాను. ఒకటి వేసుకున్న గంటకే మా ఇంటామెకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరాడలేదు. నల్లగొండ ఆసుపత్రిలో చేర్పించాం. మందుల్లో కలిపే టార్ట్రజైన్ అనే పసుపు రంగు ఆమెకు పడదని డాక్టర్ గతంలోనే చెప్పారు. అమెరికాలో అయితే గోళీల డబ్బా మీద అన్ని పదార్థాల పేర్లూ రాస్తారని మా అల్లుడు అంటున్నాడు. కంపెనీకి మెయిల్ పెట్టినా జవాబు లేదు. నా దగ్గర బిల్లు లేదు. తెలిసినాయనే కనుక పాత తేదీ వేసి బిల్లు ఇస్తానని షాపాయన అంటున్నాడు. నష్టపరిహారం వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆమె పడ్డ బాధ గురించే ఉంది. కేసు తేలేది మాత్రం ఒక్క విషయం మీదే: ఆ స్ట్రిప్పు మీద రంగు పేరు అచ్చయి ఉందా, లేదా?

మీ అల్లుడు చెప్పింది నిజమే. అమెరికాలో చీటీ లేకుండా అమ్మే మందుల మీద పిండి, జిగురు, రంగు లాంటి పదార్థాల పేర్లు కూడా ఉండాలని 1997లో చట్టం తెచ్చారు. ఆ చట్టం నల్లగొండ వినియోగదారుల కమిషన్‌లో పనికిరాదు. మన దగ్గర 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం అసలు మందు పేరు, మోతాదు తప్పనిసరి. గోళీ గట్టిపడడానికి కలిపే పిండో, లాక్టోజో (పాల చక్కెర) రాయలేదని కేసు వేస్తే నిలవడం కష్టం. రంగు సంగతి వేరు. రూల్ 127 ప్రకారం మందులో కలిపిన రంగు పేరు లేబుల్ మీద ఉండి తీరాలి. పేరు లేకుండా టార్ట్రజైన్ కలిపారని తేలితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 కింద కంపెనీని నిలదీయడానికి మీకు గట్టి ఆధారం దొరికినట్టే. పేరు అచ్చయి ఉంటే మాత్రం, అలర్జీ ఉందని తెలిసీ ఎందుకు వేసుకున్నారని కంపెనీ వకీలు మొదటి ప్రశ్నే అడుగుతాడు.

అలర్జీ ఉందని తెలిసిన ఇంట్లో, షాపాయనకు ఆ ముక్క చెప్పకుండా పసుపు గోళీలు ఎలా తెచ్చారు? స్ట్రిప్పు మొత్తం చూడకుండా కత్తెరతో కత్తిరించిన ముక్క ఎందుకు తీసుకున్నారు? మన షాపుల్లో రోజూ జరిగేదే ఇది. నాలుగు గోళీలు మన చేతికొస్తాయి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, రంగు పేరు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఇప్పుడు మీకు కావలసింది ఆ ముక్కే.

పాత తేదీ బిల్లు జోలికి పోవద్దు. వినియోగదారుల కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణ కిందే లెక్క. అక్కడ దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు. బిల్లు పుస్తకంలో వరస నంబర్లు చూస్తేనే మోసం బయటపడుతుంది. అప్పుడు ఆసుపత్రి కాగితాలు నిజమైనవైనా ఎవరూ నమ్మరు. షాపాయన నిజంగా సాయం చేయాలనుకుంటే, ఆ రోజు ఆ గోళీలు అమ్మానని అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇమ్మనండి. హోల్‌సేల్ వాళ్ల నుంచి సరుకు తెచ్చిన బిల్లు నకలు కూడా ఇమ్మనండి. అందులో బ్యాచ్ నంబరు ఉంటుంది. డబ్బు ఫోన్‌లో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, అది చెల్లింపుకు సాక్ష్యం. ఆయన మాట మారిస్తే, ఆ రికార్డులు తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు.

మిగిలిన గోళీలు ఉన్నాయా లేదా మీరు రాయలేదు. ఉంటే, అవి ఉన్న స్ట్రిప్పు ముక్కతో సహా కవర్లో పెట్టి సీలు వేయండి, ఎవరి చేతికీ ఇవ్వొద్దు. డ్రగ్స్ చట్టం సెక్షన్ 26 కింద కొన్నవాళ్లే ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ఒకటి రెండు గోళీలు పరీక్షకు చాలకపోవచ్చు. అందుకే బ్యాచ్ నంబరు దొరకగానే నల్లగొండలోని డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అదే బ్యాచ్ శాంపిల్ తీయమని అడగండి.

ఆసుపత్రి కాగితాల్లో "మందు రియాక్షన్" అని మాత్రమే ఉంటే చాలదు. రంగు వల్లే అయిందని చర్మవ్యాధుల నిపుణుడి రాతపూర్వక అభిప్రాయం కావాలి. అలర్జీ ఉందని డాక్టర్ ముందు ఇచ్చిన కాగితం కూడా జత చేయండి. ఆసుపత్రి కేసు షీటు (చికిత్స రికార్డు) నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. రియాక్షన్ వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకోండి. కంపెనీ మెయిల్‌కు జవాబు ఇస్తుందని ఎదురుచూస్తే ఆ గడువు ఆగదు, మీరు ఇప్పటికే ఏడాది పోగొట్టుకున్నారు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు కనుక హైదరాబాద్ తిరగనక్కర్లేదు, నల్లగొండ జిల్లా కమిషన్ చాలు. కొన్న వస్తువు విలువ అయిదు లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు. కంపెనీకి నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో ఈ వారమే పంపండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, ఇంకో ఉత్తరం రాయకుండా ఫిర్యాదు దాఖలు చేయండి.