ఇస్కపల్లి క్రీక్‌లో ఆల్చిప్పల సీడ్ రాలిపోవడం: సమాధానం

అన్నా, కేరళలోని కాసరగోడ్ వాళ్ళలాగే అక్టోబరులో తాళ్ళకు పచ్చ ఆల్చిప్పల సీడ్ (పెంపకానికి వాడే పిల్ల ఆల్చిప్పలు) కట్టారు, నవంబరు వానలకు సగం రాలిపోయింది, మిగిలినవి నోళ్ళు తెరిచాయి అని రాశారు కదా. చదివి చాలా బాధేసింది. మీ పనితనంలో లోపమేం కనిపించడం లేదు, అదును తప్పింది. కేరళకు పెద్ద వానలు జూన్ నుంచి. అవి తగ్గాక కట్టి, మళ్ళీ వానలు మొదలయ్యేలోపు తీసేస్తారు. మన నెల్లూరుకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా వాయుగుండాలు!

మంచినీళ్ళు దిగితే ఆల్చిప్ప మూత బిగించుకుని కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది, అంతే. ఆ తర్వాత నీరసించి, తాడును పట్టుకున్న పోగులు వదిలి జారిపోతుంది. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటర్‌తోనే సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పుశాతం చూడండి. వాననీరు తేలిక, పైనే నిలుస్తుంది. కాబట్టి తాడు కొస ఉండే లోతులో కూడా నీళ్ళు తీసి చూడాలి, అదీ పాటు (సముద్రపు నీరు వెనక్కి తగ్గడం) బాగా దిగినప్పుడు. రోజుల తరబడి 20 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీటిలో 20 పాళ్ళ ఉప్పు) లోపే ఉంటే ఆ చోటు వద్దు.

ఈసారి జనవరిలో, సెలినిటీ 27 దాటి నిలబడ్డాక, మొగకు (క్రీక్ సముద్రంలో కలిసే చోటుకు) దగ్గరగా కట్టండి. సీడ్ చుట్టూ పలుచటి నూలు దోమతెర గుడ్డే చుట్టండి. అది చివికిపోయేలోపు ఆల్చిప్పలు తాడును పట్టేస్తాయి. పాటులో కూడా తాడు బురదకు తగలకూడదు, తగిలితే పీతలు ఎక్కి మేసేస్తాయి.

ఇప్పుడు నోరు తెరిచి, తట్టినా మూసుకోనివి ఉన్నాయే, వాటిని వెంటనే ఏరి పారేయండి. కూరకు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.