బిగ్ బాయ్ మలుపు ఎలా తిరిగేది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను బిట్రగుంట లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి, రైల్వేలోనే రిటైరయ్యాను. పోయిన వేసవిలో అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, విస్కాన్సిన్ రాష్ట్రం గ్రీన్ బేలోని నేషనల్ రైల్‌రోడ్ మ్యూజియంలో ‘బిగ్ బాయ్’ అనే బొగ్గింజనును చూశాను. నంబరు 4017. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేసరికి మోకాళ్లు పట్టుకున్నాయి. అంత పొడుగు ఇంజను మలుపులో పట్టాలు తప్పకుండా ఎలా తిరిగేది? మా డబ్ల్యూజీ గూడ్సు ఇంజనుకే ఇద్దరు ఫైర్‌మన్లు వంతులవారీగా బొగ్గు వేసినా భుజాలు పడిపోయేవి. దీనికి ఎంతమంది కావలసివచ్చేది? అక్కడే ఉన్న ఒక ఆకుపచ్చ ఇంజను దీనికంటే ఎంతో చిన్నదైనా చక్రాలు మాత్రం పెద్దవిగా కనిపించాయి. నా చూపుదే పొరపాటా?
- ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, బిట్రగుంట

జవాబు: మీ చూపులో పొరపాటేమీ లేదు. ఆ ఆకుపచ్చ ఇంజను బ్రిటన్ నుంచి వచ్చిన ఏ4 తరగతిది. దానికి ఐసెన్‌హోవర్ పేరు పెట్టారు. దాని తోబుట్టువు ‘మాలార్డ్’ 1938 జూలై 3న గంటకు 126 మైళ్ల వేగాన్ని అందుకుంది, ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. ఏ4 నడుపుచక్రం వ్యాసం 80 అంగుళాలు, బిగ్ బాయ్‌ది 68 అంగుళాలు. పిస్టన్ ఒకసారి ముందుకు పోయి వెనక్కి వస్తే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది కనుక, చక్రం పెద్దదైతే ఆ ఒక్క చుట్టులో బండి ఎక్కువ దూరం పోతుంది, చిన్నదైతే దూరం తగ్గి లాగే బలం పెరుగుతుంది. ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగిన మన డబ్ల్యూపీకి 67 అంగుళాల చక్రాలు, గూడ్సు లాగిన మీ డబ్ల్యూజీకి 61.5 అంగుళాల చక్రాలు పెట్టింది అందుకే. ఈ లెక్కన చూస్తే బిగ్ బాయ్‌లో ఒక వింత ఉంది: అది గూడ్సు ఇంజనే గానీ, దాని చక్రాలు మన ఎక్స్‌ప్రెస్ ఇంజను చక్రాలంత ఉన్నాయి. గంటకు 80 మైళ్ల వేగాన్ని కూడా తట్టుకునేలా దాన్ని తయారుచేశారు, రోజువారీ పనిలో అంత వేగంతో నడిపే అవసరం దాదాపు రాలేదు.

ఇక మలుపు సంగతి. టెండరుతో (బొగ్గు, నీళ్లు మోసే వెనక బండితో) కలిపి బిగ్ బాయ్ పొడవు సుమారు 133 అడుగులు, అంటే చెన్నైలోని ఐసీఎఫ్ కర్మాగారం చేసిన మన పాత ప్రయాణికుల పెట్టెలు రెండింటి పొడవుకు కొంచెం తక్కువ. పదహారు నడుపుచక్రాలనూ ఒకే చట్రానికి బిగించి ఉంటే మొదటి మలుపులోనే పట్టాలు విరిగేవి. అందుకని ఎనిమిదేసి చక్రాల చొప్పున రెండు చట్రాలు చేసి, వెనక చట్రాన్ని బాయిలర్‌కు కదలకుండా బిగించి, ముందు చట్రాన్ని ఒక బలమైన కీలుతో వెనకదానికి తగిలించారు. ట్రాక్టరు వెనక ట్రక్కు కొక్కెం దగ్గర తిరిగినట్లే, మలుపు వచ్చినప్పుడు ముందు చట్రం పట్టాల వెంట పక్కకు తిరుగుతుంది. బాయిలర్ మాత్రం వెనక చట్రంతో పాటు తిన్నగానే ఉండిపోతుంది కనుక, దాని ముందుభాగం పట్టాలు దాటి బయటకు పొడుచుకొస్తుంది. తొలిసారి చూసినవారికి ఇంజను పక్కకు ఒరిగిపోతోందని గుండె ఝల్లుమనక మానదు. కదిలే ఆ ముందు చట్రం మీది సిలిండర్లకు ఆవిరిని చేరవేయడానికి, అటూ ఇటూ ఆడినా ఆవిరి కారని కీళ్లున్న గొట్టాలు అమర్చారు. ఆ కీళ్ల పనితనాన్ని మీలాంటి అనుభవజ్ఞులు దగ్గర నుంచి చూడవలసిందే.

మీ రెండో సందేహానికి జవాబు: ఒక్క ఫైర్‌మన్ చాలు. డబ్ల్యూజీ పొయ్యి అడుగు వైశాల్యం సుమారు 45 చదరపు అడుగులైతే, బిగ్ బాయ్‌ది 150 చదరపు అడుగులు, అంటే పది అడుగులకు పదిహేను అడుగుల గది నేలంత. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు అది గంటకు పది టన్నుల దాకా బొగ్గు తినేది. మనిషి పారతో అందులో నాలుగో వంతు వేయడం కూడా గగనమే. అందువల్ల టెండరు అడుగున ఒక తొట్టి, ఆ తొట్టిలో లావాటి స్క్రూ, దాన్ని తిప్పడానికి ఒక చిన్న ఆవిరి యంత్రం పెట్టారు. నెల్లూరు జిల్లాలో రైసుమిల్లు చూసినవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు. ధాన్యాన్ని ముందుకు తోసే స్క్రూ ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే పనిచేస్తుంది, దారిలో పెద్ద పెళ్లలను నలగ్గొట్టడం దీనికి అదనపు పని. పొయ్యి నోటి దగ్గరికి చేరిన బొగ్గును ఆవిరి ధారలు నలుమూలలకూ చిమ్ముతాయి. ఏ ధారను ఎంత తిప్పాలో, నిప్పు ఎక్కడ పలచబడిందో, గేజీ గ్లాసులో నీళ్లు ఎక్కడున్నాయో చూసుకోవడమే ఫైర్‌మన్ పని. భుజాలకు విశ్రాంతి దొరికింది గానీ కళ్లకు దొరకలేదని మీకు చెప్పనక్కరలేదు.

ప్రశ్న: అంత పెద్ద ఇంజను అసలు ఎందుకు అవసరమైంది? నల్లమల ఘాట్ మీద మా మీటర్‌గేజి బండ్లు చిన్న ఇంజన్లతోనే నడిచాయి కదా? అలాంటిది ఇక్కడికి తెప్పించి ఉంటే ఎలా ఉండేది?
- ఒక ఉపాధ్యాయిని, గిద్దలూరు

జవాబు: గిద్దలూరు దాటాక దిగువమెట్ట నుంచి బండి రొప్పుకుంటూ ఎక్కడం చూసినవారు కనుక ఈ ప్రశ్న అడగడానికి మీకే ఎక్కువ హక్కుంది. బిగ్ బాయ్ పుట్టుకకు కారణం కూడా ఒక కొండే. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ నుంచి తూర్పుగా వాసాచ్ కొండలు ఎక్కే యూనియన్ పసిఫిక్ మార్గంలో, ప్రతి వంద అడుగులకూ 1.14 అడుగుల ఎత్తు ఉంది. వినడానికి ఇది స్వల్పమే. కానీ 3,600 టన్నుల గూడ్సుకు ఆ ఎత్తు చాలు, ఇంజను చతికిలపడడానికి. అంతకుముందు అక్కడ సాయానికి మరో ఇంజను తగిలించి, కొండ ఎక్కాక విప్పి, దాన్ని వెనక్కి పంపేవారు. ఈ తగిలింపుల్లో గంటలు పోయేవి, సిబ్బందీ రెండింతలు కావలసివచ్చేది. ఒకే ఇంజను ఎవరి సాయమూ లేకుండా ఆ బరువును లాక్కుపోవాలని యూనియన్ పసిఫిక్ ఇంజనీర్లు ఓటో జేబెల్మన్ నాయకత్వంలో లెక్కలు కట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ 1941లో ఇరవై, 1944లో అయిదు ఇంజన్లను తయారుచేసి ఇచ్చింది. మొదటి ఇంజను తయారవుతున్నప్పుడు ఎవరో కార్మికుడు దాని ముఖం మీద సుద్దముక్కతో ‘బిగ్ బాయ్’ అని రాశాడు. కంపెనీ మరేదో పేరు పెడదామనుకుందని అంటారు గానీ, సుద్దముక్క పేరే నిలిచిపోయింది.

పొయ్యి అంత వెడల్పుగా ఉండడానికి ఇంకో కారణం బొగ్గు. వ్యోమింగ్‌లోని సొంత గనుల నుంచి ఆ కంపెనీకి చవకగా దొరికిన బొగ్గులో వేడి తక్కువ. అదే వేడి రావాలంటే ఎక్కువ బొగ్గును ఎక్కువ జాగాలో కాల్చాలి. పెద్ద పొయ్యికి పెద్ద బాయిలర్, దాన్ని మోయడానికి మరిన్ని చక్రాలు, ఇంజనును వెనుదిప్పడానికి 135 అడుగుల టర్న్‌టేబుళ్లు (గుండ్రంగా తిరిగే పట్టాల వేదికలు). ఇలా ఒకటి ఇంకొకదాన్ని పెంచుకుంటూ పోయింది.

మన దగ్గరికి తెప్పించడమంటారా, పట్టాల మీద పెట్టడమే కుదరదు. వాళ్ల పట్టాల మధ్య వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజి 1,676. వెడల్పులో మనదే పెద్దదైనా బరువు మోయడంలో కాదు. బిగ్ బాయ్ నడుపు ఇరుసు ఒక్కొక్కటి పట్టాల మీద సుమారు 30 టన్నుల బరువు మోపేది, డబ్ల్యూజీ ఇరుసు బరువు 18.5 టన్నులు మాత్రమే. ఆనాటి మన వంతెనలు దాన్ని భరించగలిగేవి కావు. మీటర్‌గేజి ఊసు ఎత్తకపోవడమే మంచిది.

ప్రశ్న: గత సంచికలో మీరు బిగ్ బాయ్‌ని “ప్రపంచంలోకెల్లా బలమైన ఆవిరి ఇంజను” అని రాశారు. అది సరైనదేనా?
- ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: సరైనది కాదు, తప్పు మాదే. లాగుడు బలం లెక్కలో బిగ్ బాయ్‌ది సుమారు 61,400 కిలోలు. వర్జీనియన్ రైల్వే 1918లో కొన్న ఇరవై నడుపుచక్రాల ఇంజన్లు 66,700 కిలోలు దాటాయి, అయితే అవి నత్తనడకన బొగ్గు బండ్లను లాగేవి. టెండరు వదిలేసి ఇంజను భాగాన్ని మాత్రమే తూస్తే, ఒహాయోలోని లైమా కర్మాగారం చేసిన ‘అలెఘెనీ’ ఇంజను దీనికి సమఉజ్జీ. మొత్తం అరవై చేస్తే డియర్‌బోర్న్, బాల్టిమోర్ మ్యూజియాల్లో రెండే మిగిలాయి. పొడవు, టెండరుతో కలిపి సుమారు 545 టన్నుల మొత్తం బరువు, కొండ మీద కూడా నిలిచే వేగం, ఈ మూడూ ఒకేచోట కుదరడమే బిగ్ బాయ్ ఘనత. పోలికకు మన దేశపు ఇంజను కావాలంటే, ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉన్న బెంగాల్ నాగపూర్ రైల్వే గ్యారెట్ (ఒకే బాయిలర్‌కు రెండు వైపులా కదిలే చక్రాల చట్రాలున్న ఇంజను) 815ను చూడండి. మాంచెస్టర్‌లో బేయర్ పీకాక్ కంపెనీ చేసిన దాని బరువు 234 టన్నులు.

ప్రశ్న: ఇలాంటి ఇంజన్లలో ఏదైనా ఇప్పటికీ నడుస్తోందా? అంత దూరం వెళ్లలేని మాలాంటివారు దగ్గరలో ఏం చూడవచ్చు?
- ఒక గృహిణి, కావలి

జవాబు: ఇరవై అయిదింటిలో ఎనిమిది మిగిలాయి, వాటిలో 4014 ఒక్కటే నడుస్తోంది. 1959లో సరుకు రవాణా మానేశాక కాలిఫోర్నియాలోని పొమోనాలో దశాబ్దాల తరబడి కదలకుండా నిలబడి ఉన్న దాన్ని, యూనియన్ పసిఫిక్ కంపెనీ 2013లో వెనక్కి తీసుకుని, విప్పి, బాగుచేసి, 2019 మేలో మళ్లీ పట్టాలెక్కించింది. మిగతావాటినీ అలాగే నడపరాదా అనిపించవచ్చు గానీ, ఆ దేశపు నియమాల ప్రకారం 1,472 రోజులు పనిచేసినా, పదిహేనేళ్లు గడిచినా బాయిలర్‌ను పూర్తిగా విప్పి పరీక్షించాలి. ఆ ఖర్చు మ్యూజియాలు భరించేది కాదు.

కావలి నుంచి మీకు దగ్గర చెన్నై. అక్కడ ఐసీఎఫ్ ఆవరణలోని రైలు మ్యూజియంలో పాత ఆవిరి ఇంజన్లు ఉన్నాయి. 1855 నాటి ఈఐఆర్ (ఈస్ట్ ఇండియన్ రైల్వే) 21 ఇంజనును పెరంబూర్ వర్క్‌షాపులో 2010లో నడిచే స్థితికి తెచ్చారు, అప్పుడప్పుడు ప్రత్యేక బండిగా తిప్పుతున్నారు. బిగ్ బాయ్ పక్కన పెడితే అది బొమ్మ బండిలా ఉంటుంది, పిల్లలకు మాత్రం అదే నచ్చుతుంది.

ఒక్క మాట బిట్రగుంట పాఠకుడి కోసం: బాగుచేసేటప్పుడు 4014ను నూనెతో మండేలా మార్చారు. దాని ఫైర్‌మన్ ఇప్పుడు నూనె వాల్వు తిప్పుతాడు. బొగ్గుతో నడిచిన బిగ్ బాయ్ ఎలా ఉండేదో చూడాలంటే, కదలకుండా నిలబడిన 4017 లాంటి వాటి దగ్గరికే వెళ్లాలి.