డబ్బాకి అంచులెన్ని?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ‘స్థూపానికి (అంటే గుండ్రటి డబ్బా ఆకారానికి) అంచులెన్ని?’ అని బిట్ పేపర్లో ఇస్తే 2 అని రాసింది. తప్పు కొట్టి పక్కన 0 వేశారు. ట్యూషన్ సారేమో రెండే రైటంటున్నారు. ఇది చాలదన్నట్టు పిల్ల, ‘ముఖాలు + శీర్షాలు (మూలలు) = అంచులు + 2 అన్నారు కదమ్మా, రెండు పెట్టినా సున్నా పెట్టినా కుదరదేం?’ అని నన్ను పట్టుకుంది. బైపీసీ చదివినదాన్ని, ఏం చెప్పను?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు నా పేరు చెప్పి మీ పిల్లకి ఓ పూతరేకు పెట్టండి. మార్కు పోయిందని ముక్కు చీదకుండా సూత్రంలో వేసి చూసుకుంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను, అలా చూసుకున్న పిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే.

ఆ ప్రశ్న బిట్‌గా ఇవ్వడమే పొరపాటని నా ఉద్దేశం. రెండు ముఖాలు కలిసే గీతే అంచు అనుకుంటే మూత చుట్టూ ఒకటి, అడుగు చుట్టూ ఒకటి. గీత తిన్నగా ఉండి తీరాలంటే ఒక్కటీ లేదు. ఏది అనుకోవాలో ముందే చెప్పకుండా మార్కు కొట్టేస్తే ఎలా?

ఇక సూత్రం. ఆయిలర్ అనే గణితవేత్త దాన్ని చెప్పింది బహుముఖులకి, అంటే ముఖాలన్నీ చదునుగా ఉండేవాటికి. 1750 నవంబరులో బెర్లిన్ నుంచి తోటి గణితవేత్త గోల్డ్‌బాక్‌కి ఉత్తరం రాస్తూ, ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదేమని ఆశ్చర్యపోయాడాయన. రుజువు మాత్రం అప్పటికి దొరకలేదని ఒప్పుకున్నాడు కూడా. అంచుకంటూ ఓ పేరు పెట్టిందీ ఆయనేనంటారు. లాటిన్లో కత్తి పదునుకి వాడే మాట తెచ్చి పెట్టాడు.

స్థూపం బహుముఖి కాదు గనక కుదరదు అని నేనిక్కడ ఆపేయొచ్చు. కానీ మీరు వంటింట్లోంచి ఓ గుండ్రటి రేకు డబ్బా తీయండి. పైన కాగితం ఉంటే చింపేయండి. పక్కన పైనుంచి కిందికి ఓ అతుకు గోరుకి తగులుతుంది. దాన్నీ అంచుగా లెక్కేయండి: ఇప్పుడు అంచులు 3. ఆ అతుకు పై గుండ్రాన్ని తాకేచోట ఓ కుంకుమ బొట్టు, కింద తాకేచోట ఇంకోటి పెట్టండి: శీర్షాలు 2. ముఖాలు మామూలుగానే 3: మూత, అడుగు, పక్క. ఇటు 3 + 2, అటు 3 + 2. కుదిరిందా?

కిటుకంతా అతుకులోనే ఉంది. అది లేకపోతే డబ్బా పక్క ముఖం గాజులా చుట్టుకుపోయి ఉంటుంది. అతుకు దగ్గర విప్పితే చాపలా పరుచుకుంటుంది. ఆయిలర్ లెక్కకి చాపలే కావాలి, గాజులు పనికిరావు. గారెల జోలికి మాత్రం ఇప్పుడే పోనివ్వకండి. నడుమ చిల్లు ఒకటుంటే చివర ఆ 2 పోయి 0 వస్తుంది, మళ్ళీ మీ ప్రాణం తీస్తుంది!

పుట్టినరోజు టోపీకి అడుగున అట్ట అంటించి శంఖువు చేయమనండి. ముఖాలు 2, అంచు 1, కొన 1. అతుకు లెక్కేయకపోయినా సరిపోతుంది. ఎందుకు సరిపోయిందో ఆలోచించి నాకో కార్డు రాయమనండి.

ప్రశ్న: ఫుట్‌బాల్‌కి అంచులు లెక్కపెడుతుంటే మధ్యలో తప్పిపోతున్నాను. దారేమైనా ఉందా?
- ఓ తాతగారు, వరంగల్

జవాబు: బంతిని తిప్పకండి, ముక్కల్ని పట్టుకోండి. పాతకాలం నలుపూ తెలుపూ బంతిలో నల్ల పంచభుజాలు 12, తెల్ల షడ్భుజాలు 20. వాటి భుజాలు 60, 120, వెరసి 180. ఒక్కో కుట్టు రెండు ముక్కల భుజాల్ని కలుపుతుంది కాబట్టి అంచులు 90. ఒక్కో మూలలో మూడు ముక్కలు కలుస్తాయి కాబట్టి శీర్షాలు 60. పై సూత్రంలో వేసి సరిచూసుకోండి: ముఖాలు, శీర్షాలు కలిపి 32 + 60, అటు 90 + 2. బంతిని మనవడికి ఇచ్చేయండి, ఎదురుచూస్తుంటాడు.