కంప్యూటర్ సందేహాలు: చోటున్నా ‘డిస్క్ ఫుల్’ ఎందుకు?

ప్రశ్న: పదో తరగతి పిల్లల కోసం వీడియో పాఠాలన్నింటినీ కలిపి 18 జీబీల జిప్ ఫైల్‌గా ఇచ్చారు. ఫైల్ చేరవలసిన చోటుగా డి డ్రైవ్‌ను ఎంచుకుని, డౌన్‌లోడ్ మేనేజర్‌లో రాత్రి పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే 60 శాతం దాటాక ఆగిపోయి, డిస్క్‌లో చోటు చాలలేదని చూపిస్తోంది. డి డ్రైవ్‌లో 200 జీబీల ఖాళీ ఉంది. సి డ్రైవ్‌లో ఆ రాత్రి 11 జీబీలే ఉన్న మాట నిజం. హార్డ్ డిస్క్ పాడైందంటారా?
– ఒక ఉపాధ్యాయిని, దేవరకొండ

జవాబు: మీ డిస్క్‌కు ఏమీ కాలేదు. 18 జీబీలలో 60 శాతం అంటే దాదాపు 11 జీబీలు. సి డ్రైవ్‌లో మీకున్న ఖాళీ సరిగ్గా అంతే కనుక కారణం మీ ఉత్తరంలోనే ఉంది. డౌన్‌లోడ్ మేనేజర్లు పెద్ద ఫైల్‌ను ముక్కలుగా తెచ్చి, వాటిని ముందు ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో దాచి, అన్నీ వచ్చాక కలిపి మీరు చెప్పిన చోట పెడతాయి. ఆ తాత్కాలిక ఫోల్డర్ మనం మార్చనంత వరకు సాధారణంగా సి డ్రైవ్‌లోనే ఉంటుంది. మీరు డి డ్రైవ్ అని చెప్పింది చివరి మజిలీకి మాత్రమే. దారిలో సి డ్రైవ్ నిండిపోయింది.

మేనేజర్ ఆప్షన్స్‌లో టెంపరరీ డైరెక్టరీ అనే చోటును వెతికి, దానికి కూడా డి డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌ను చూపించండి. ముక్కలు కలిసే సమయంలో ముక్కలూ, పూర్తి ఫైలూ రెండూ ఒకేసారి ఉంటాయి కాబట్టి 36 జీబీలు, ఆ తరువాత జిప్ విప్పడానికి మరో 18 జీబీలు లెక్క వేసుకోవాలి. వీడియోలు ముందే కుదించి ఉంటాయి గనుక జిప్ చేసినంత మాత్రాన వాటి పరిమాణం పెద్దగా తగ్గదు, విప్పితే పెద్దగా పెరగదు. మేనేజర్ లేకుండా క్రోమ్‌లోనే దించుకుంటే ఈ చిక్కు ఉండదు. అది సగం వచ్చిన ఫైల్‌ను కూడా డౌన్‌లోడ్ ఫోల్డర్‌లోనే రాసుకుంటూ పోతుంది.

జిప్ విప్పేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. జిప్ తెరిచి లోపలి ఫైళ్లను మౌస్‌తో బయటికి లాగితే కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని ముందు సి డ్రైవ్‌లో విప్పి, తరువాత డి డ్రైవ్‌కు చేరుస్తాయి. అందుకే ఎక్స్‌ట్రాక్ట్ అనే ఆజ్ఞనే వాడి, చేరవలసిన చోటును అక్కడే చూపించడం మేలు.

సి డ్రైవ్‌లో 11 జీబీలే మిగలడం కూడా మంచిది కాదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్‌కు వెళితే ఏది ఎంత చోటు తింటోందో కనిపిస్తుంది. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంటుంది. చెత్తే కదా అని అన్నింటికీ టిక్ పెట్టిన వారు దించుకున్న పాఠాలను చేజేతులా చెరిపేసుకున్నట్టే. ఈ మధ్యనే విండోస్ 11కు మారి ఉంటే పాత విండోస్ కూడా అక్కడ పెద్ద భాగాన్నే ఆక్రమించి ఉండవచ్చు. అది సాధారణంగా 10 రోజులకు తనంతట తానే పోతుంది. ముందే తీసేస్తే పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: నాది ఫొటో స్టూడియో. పెళ్లి వీడియో ఎడిటింగ్‌కు ఇస్తే 7 జీబీల ఫైల్‌గా ఆన్‌లైన్‌లో పంపారు. 32 జీబీల పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా దించుకుంటుంటే 4 జీబీల దగ్గర ఆగిపోతోంది. పెన్‌డ్రైవ్‌లో 28 జీబీల ఖాళీ ఉంది. పెన్‌డ్రైవ్ నకిలీదా?
– ఒక ఫొటోగ్రాఫర్, జడ్చర్ల

జవాబు: నకిలీ పెన్‌డ్రైవ్‌లు లేకపోలేదు గానీ, 4 జీబీల దగ్గర ఆగడం వేరే లక్షణం. ఆ పెన్‌డ్రైవ్ ఫైళ్లను అమర్చుకునే ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక్కో ఫైల్ పరిమాణాన్ని నమోదు చేసుకోవడానికి కేటాయించింది 32 బిట్లే కనుక, ఎంత ఖాళీ ఉన్నా ఒక ఫైల్ 4,294,967,295 బైట్లను, అంటే 4 జీబీలకు ఒక్క బైటు తక్కువను, మించడానికి వీల్లేదు. చాలా కెమెరాలు పొడవైన రికార్డింగ్‌ను 4 జీబీల దగ్గర తుంచి కొత్త క్లిప్ మొదలుపెట్టేది ఇందుకే. మీ వృత్తిలో అది చూసే ఉంటారు.

కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఫైల్ సిస్టమ్ పేరు కనిపిస్తుంది. ఫ్యాట్ 32 అని ఉంటే, లోపలి ఫైళ్లన్నీ మరోచోట భద్రపరచుకున్న తరువాతే, ఈ 4 జీబీల పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి, ఎందుకంటే ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది. పెళ్లివారి పాత టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ను చదవకపోతే విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిని ప్రయత్నించవచ్చు. అదీ కుదరకపోతే వీడియోను రెండు భాగాలుగా ఎగుమతి చేసి ఇమ్మని ఎడిటర్‌ను అడగడమే దారి. ఏది ఎంచుకున్నా ముందు కంప్యూటర్‌లోకి దించుకుని, ఆ తరువాత పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం మంచి అలవాటు. మధ్యలో పెన్‌డ్రైవ్ కదిలితే డేటా అంతా మళ్లీ ఖర్చవుతుంది.

ప్రశ్న: పోటీ పరీక్షల మెటీరియల్ 2 జీబీలు ఫోన్‌లో దించుకోవాలి. వీడియోలు బోలెడు తీసేసినా స్టోరేజ్ నిండిందనే అంటోంది.
– ఒక విద్యార్థి, అచ్చంపేట

జవాబు: తీసేసిన వీడియోలు ఇంకా ట్రాష్‌లో ఉండి ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు అక్కడే ఉంటాయి. ట్రాష్‌ను మీరే ఖాళీ చేస్తే చోటు వెంటనే తిరిగి వస్తుంది, కాకపోతే ఆ తరువాత వాటిని వెనక్కి తెచ్చుకోలేరు. తీసిన ఫొటో బ్యాకప్‌లోంచి కూడా పోతుంది కాబట్టి ఇంట్లో శుభకార్యాల ఫొటోల జోలికి వెళ్లకుండా, వాట్సాప్ సెట్టింగ్స్‌లోని మేనేజ్ స్టోరేజ్‌తో మొదలుపెట్టండి. మెటీరియల్ జిప్‌గా వస్తుంటే 2 జీబీలు కాదు, 4 జీబీలకు పైగా ఖాళీ చూసుకోండి. ఖాళీ చేశాక, ఆగిన డౌన్‌లోడ్‌ను రద్దు చేయకుండా ముందు రెజ్యూమ్ నొక్కండి. సర్వర్ అందుకు వీలు కల్పిస్తే ఆగిన చోటి నుంచే కొనసాగుతుంది.