ఇంజన్ దించే ముందు ఒక్క టెస్ట్ చేయించండి మాస్టారూ

గుంటూరు నుంచి ఒక మాస్టారు మెసేజ్ పెట్టారు. 2012 మోడల్ వ్యాగనార్ పెట్రోల్ బండి, 1,28,000 కిలోమీటర్లు తిరిగింది, రోజూ తెనాలిలో స్కూల్‌కి వెళ్లిరావడానికి అదే. పొద్దున స్టార్ట్ చేయగానే నీలంగా పొగ కొట్టి ఓ నిమిషంలో ఆగిపోతోందట, రెండు నెలలకి ఒక లీటర్ ఆయిల్ పోయాల్సి వస్తోందట. మెకానిక్ చూసి బోరుకొచ్చేసింది సార్ (అంటే సిలిండర్లు, పిస్టన్ రింగులు అరిగిపోయాయని), ఇంజన్ దించాలి, 48,000 అవుద్ది అన్నాడు. ఇంట్లో వాళ్లేమో లక్షా పాతిక వచ్చినప్పుడే ఇచ్చేసి కొత్తది తీసుకోమంటున్నారు, దానికి 6 లక్షలు లోన్ పెట్టాలి. చేతికొచ్చే జీతం 46,000, ఎఫ్‌డీలో 90,000 ఉంది, చీటీ ఇంకో 8 నెలలు కట్టాలి. రిపేరా, కొత్త బండా అని అడిగారు.

మాస్టారూ, ముందు పొగ సంగతి చూద్దాం ఎందుకంటే డబ్బు లెక్క మొత్తం దాని మీదే ఉంది. పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్ పైకి రాకుండా ఆపే రింగులు పోయిన బండి యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ కొడుతుంది, ఎక్కేటప్పుడు పికప్ ఉండదు. మీరు రాసింది అది కాదు. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున ఒక్క నిమిషమే కొట్టి ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది వాల్వ్ సీల్స్‌ని, అవి చిన్న రబ్బరు ముక్కలు, ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిపోతే పైనున్న ఆయిల్ రాత్రిపూట బొట్టు బొట్టుగా లోపలికి దిగి స్టార్ట్ చేయగానే కాలిపోతుంది. ఆ పనికి పై భాగం విప్పాల్సి వచ్చినా కింద పిస్టన్ల జోలికి వెళ్లక్కర్లేదు, బిల్లు 48,000 దగ్గరికి కూడా రాదు.

నేను మెకానిక్‌ని కాదు, పొగ వర్ణన విని తేల్చేయను. అందుకే కంప్రెషన్ టెస్ట్ చేయించమంటున్నా. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ కొలిచే గేజ్ బిగించి సెల్ఫ్ కొడతారు, మీ బండికి మూడు సిలిండర్లు కాబట్టి మూడు నంబర్లు వస్తాయి. మూడూ దగ్గర దగ్గరగా, కంపెనీ చెప్పిన లెవెల్లో ఉంటే రింగులు పోయుండే అవకాశం తక్కువ. ఒకటి బాగా తక్కువొస్తే ఆ సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ కొట్టమనండి, నంబర్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులైనా, ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే గ్యాస్కెట్ అయినా పోయినట్టు. పెద్ద ఖర్చు కాదు, టైమూ పట్టదు. ఈ టెస్ట్ చేయకుండా పొగ చూసి ఇంజన్ దించుతానన్న మనిషికి మాత్రం బండి ఇవ్వకండి, గుంటూరులో ఇంకో చోట అయినా సరే, విజయవాడ ఆటోనగర్ తీసుకొచ్చినా సరే, ఇద్దరు ముగ్గురికి చూపించండి.

మీరు పంపిన ఎస్టిమేట్ ఫోటోలో ఇంకోటి చూశా, ఐదో లైన్లో టైమింగ్ బెల్ట్ అని రాసి 3,200 వేశారు. మీ ఇంజన్‌లో వాల్వుల్ని టైముకి ఆడించేది బెల్ట్ కాదు, చెయిన్. లేని సామానుకి రేటు వేసిన కాగితం అది. మోసమే అనను, ఇంకో బండి ఎస్టిమేట్ చూసి రాసేసి ఉండొచ్చు, కానీ ఆ కాగితం పట్టుకుని ఎఫ్‌డీ తీస్తే మాత్రం నాకు బాధేస్తుంది.

ఇప్పుడు లెక్క. 6 లక్షలు 9 శాతానికి 5 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకి 12,455, మొత్తం కట్టేది 7,47,300, అంటే వడ్డీనే దాదాపు లక్షన్నర. జీతంలో పావు వంతు కంటే ఎక్కువ, పైన చీటీ, పైన కొత్త బండి ఇన్సూరెన్స్. అదే బండి 5 ఏళ్లు నిండేసరికి ఇన్సూరెన్స్ లెక్కలో దాని విలువ కొత్త రేటులో సగానికి పడిపోతుంది. ఇటువైపు మెకానిక్ చెప్పినట్టే నిజంగా 48,000 అయిందనుకోండి, ఆ ఇంజన్ ఇంకో 3 ఏళ్లు నడిస్తే నెలకి 1,333 పడింది. బండి విలువే లక్ష, దానికి సగం పెడతామా అని అందరూ అంటారు కానీ ఆ లక్ష అమ్మేవాడికి లెక్క, మీరు అమ్మట్లేదుగా, తెనాలి వెళ్తున్నారు. పైగా పొద్దున్నే పొగ కొట్టే బండికి లక్షా పాతిక ఎవరిస్తారు చెప్పండి.

ఇంకో మాట, మీరు నెలకి తిరిగేది 1,250 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే లీటర్ ఆయిల్ 2,500 కిలోమీటర్లకి పోతోంది. బాగుందని కాదు, కానీ రేపే రోడ్డు మీద ఆగిపోయే పరిస్థితీ కాదు. చీటీ అయ్యేదాకా ఆయిల్ పోసుకుంటూ నడిపినా ఏడాదికి 6 లీటర్లు. ఒక్కటే జాగ్రత్త, ఆదివారం ఆదివారం బండి చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ గేజ్ కడ్డీ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడండి, కింది గీతకి దిగనివ్వకండి. డాష్‌బోర్డు మీద ఎర్ర లైట్ వెలిగేది ఆయిల్ తగ్గినప్పుడు కాదు, ప్రెషర్ పడిపోయినప్పుడు, అప్పటికి లోపల బేరింగులు అరగడం మొదలై ఉండొచ్చు.

ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు, అదే కూలెంట్, అది కూడా అంతే. నా పాత బండి మే నెలలో కాజ టోల్ దగ్గర క్యూలో ఉండగా టెంపరేచర్ ముల్లు పైకెక్కింది, మంగళగిరి ఇక్కడేగా అని లాగించేశా, హెడ్, అంటే ఇంజన్ పై భాగం, వంగిపోయింది. పగిలింది చిన్న రబ్బరు గొట్టం, ఆపి ఉంటే కొన్ని వందల్లో పోయేది, లేత్‌లో హెడ్‌ని చదును చేసే ఫేసింగు, గ్యాస్కెట్టు, లేబరు అన్నీ కలిపి 26,000 కట్టా. ఇన్సూరెన్స్ ఇవ్వలేదు, అరుగుదలకీ మెకానికల్ ఫెయిల్యూర్‌కీ మామూలు పాలసీలో కవర్ ఉండదు. మన ఎండలకి పాత బండి రబ్బరు గొట్టాలన్నీ ఒకసారి చేత్తో నొక్కి చూపించుకోండి, గట్టిగా ఉన్నా పగుళ్లున్నా మార్చేయండి.

మెకానిక్ సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేస్తా, తక్కువలో అయిపోద్ది అంటే మాత్రం తొందరపడకండి. ఇంజన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది, ఇంజన్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో అది మార్పించాలి, దానికి సరైన బిల్లు ఉండాలి. మీ ఆర్‌సీ 15 ఏళ్లు 2027లో అయిపోతుంది, అప్పుడు బండి చూపించి 5 ఏళ్లకి రెన్యువల్ చేయించాలి, నంబర్ కలవకపోతే అక్కడ ఆగిపోతారు. ఆ రెన్యువల్ ఫీజు కూడా 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5,000, పైన గ్రీన్ టాక్స్, అది ఇప్పటి నుంచే పక్కన పెట్టుకోండి.

ఎప్పుడు వదిలేయమంటానంటే, సిలిండర్లుండే ఇంజన్ బ్లాక్ పగిలినా, కింద ఛాసిస్ తుప్పు పట్టినా, 2024 సెప్టెంబర్ బుడమేరు వరదల్లో మునిగిన బండి అయినా ఒక్క రూపాయి పెట్టొద్దు. ఇంకో కారణం నేను కాదనలేనిది, మీ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవన్నారు, పిల్లల్ని తీసుకుని హైవే మీద ఎక్కువ తిరిగితే దాని కోసం కొత్తది కొనుక్కోండి, అది ఇంజన్ భయంతో కొనడం కంటే వెయ్యి రెట్లు మంచి కారణం. కానీ ఇప్పుడు కాదు, చీటీ అయ్యాక. ఈలోపు బండి కోసమని నెలకి 2,500 ఆర్‌డీ మొదలుపెట్టండి, రిపేరొస్తే అందులోంచి తీయండి, మిగిలింది డౌన్ పేమెంట్‌కి పనికొస్తుంది. ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లొద్దు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మీకున్నది అదొక్కటే.

ఈ వారంలో టెస్ట్ చేయించి ఆ మూడు నంబర్లు నాకు పంపండి, కొత్త ఎస్టిమేట్ కూడా ఫోటో తీసి పెట్టండి, లైన్ లైన్ కలిసి చూద్దాం.